అమ్మ పొదుపు పుస్తకంలో అర్థశాస్త్రం

పెనుకొండ నుంచి ధర్మవరం వెళ్లే దారిలో చెన్నేకొత్తపల్లి చుట్టుపక్కల ఏ పల్లెలోనైనా ఈ దృశ్యం కనిపిస్తుంది. నెలకోసారి, పొద్దుగూకే వేళకు, ఒక ఇంటి అరుగు మీద పది పదిహేను మంది ఆడవాళ్లు చేరతారు. శెనక్కాయ చేలో కలుపు తీసి వచ్చినవాళ్లు కొందరు, బర్రెకు గడ్డి వేసి వచ్చినవాళ్లు కొందరు. కొంగుముడులు విప్పి మడతలు పడిన నోట్లు తీస్తారు. మధ్యలో బాసింపట్టు వేసుకుని ఇంటరు చదివే అమ్మాయి. ఒళ్లో పొడుగాటి రిజిస్టరు, చేతిలో పెన్ను.

"పాపా, నా కంతు ఏసుకుంటివా?"

"ఏసినా పెద్దమ్మా. వడ్డీ ఇంకా ఇయ్యాల నువ్వు."

"పోయిన నెల ఇస్తి గదా!"

పాప పేజీ వెనక్కి తిప్పుతుంది. వేలు పెట్టి చూపిస్తుంది. పెద్దమ్మకు చదవడం రాదు. అయినా ఆ వేలు ఆగిన చోటికి వంగి చూస్తుంది, నోటితో లెక్క కట్టుకుంటుంది, చివరికి తల ఊపుతుంది. పక్కనున్నామె తన అప్పు సంగతి ఎత్తుతుంది.

సంఘంలో చదువు వచ్చినవాళ్లు లేకపోతే సభ్యుల పిల్లలే పుస్తకాలు రాయడం డ్వాక్రా మహిళా పొదుపు సంఘాల తొలి రోజుల నుంచీ ఉన్నదే. అసలెంత, వడ్డీ ఎంత, ఎవరు ఎందుకు కట్టలేకపోయారు, ఎవరికి ఎవరు జామీను, ఈ నెల అప్పు ఎవరికి ముందు ఇవ్వాలి అన్నవన్నీ ఆ పిల్లలు తీర్మానాల పుస్తకంలో తమ చేత్తో రాశారు. వానలు పడకపోతే కంతులు ఎలా ఆగిపోతాయో, పెళ్లిళ్ల నెలలో అప్పుల వరస ఎలా పెరుగుతుందో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పకముందే వాళ్లకు తెలుసు.

ఇదే చదువును వేల మైళ్ల అవతల అమెరికా తరగతి గదులు మరో తీరుగా చెబుతున్నాయి. పిల్లలు తలా కొంత వేసుకుని పాతిక డాలర్లు పోగుచేస్తారు. కంప్యూటరు తెర మీద ఏ ఉగాండా చేపల వ్యాపారినో, పెరూ నేతగత్తెనో ఎంచుకుని అప్పిస్తారు. ఆ దేశం పటంలో ఎక్కడుందో వెతుకుతారు, అక్కడి వానలు, పంటలు, బడుల గురించి చదువుతారు. డబ్బు తిరిగొచ్చాక ఇంకొకరికి ఇస్తారు. వర్ధమాన దేశం అంటే ఏమిటో తెలియజెప్పడానికి ఇది మంచి దారి అని అక్కడి టీచర్లు నమ్ముతారు.

నిజంగానే మంచి దారి. కాకపోతే ఆ తెర మీద అప్పు ఇచ్చేవాడి వైపు నుంచి మాత్రమే కనిపిస్తుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పిల్లలకు తీసుకునేవాళ్ల వైపు నుంచి కనిపిస్తుంది. ఆ చూపు విలువ ఎంతో వాళ్లకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

జోబ్రాలో మొదటి క్లాసు

చిన్న అప్పుల కథ మొదలైందే విద్యార్థులతో. 1974లో బంగ్లాదేశ్‌ను కరవు కమ్మేసింది. చిట్టగాంగ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చెబుతున్న మహమ్మద్ యూనస్‌కు తను చెప్పే సిద్ధాంతాలు గేటు బయట చచ్చిపోతున్న మనుషులకు అక్కరకు రావని తోచింది. క్యాంపస్ పక్కనే ఉన్న జోబ్రా గ్రామానికి విద్యార్థులను వెంటబెట్టుకుని వెళ్లడం మొదలుపెట్టారు. అక్కడ సుఫియా బేగం అనే మహిళ వెదురు స్టూళ్లు అల్లేది. వెదురు కొనడానికి డబ్బు లేక వ్యాపారి దగ్గర తెచ్చుకునేది. అల్లిన స్టూలు అతనికే, అతను చెప్పిన ధరకే ఇచ్చేది. రోజంతా చేసిన పనికి చేతిలో మిగిలేది కొన్ని పైసలు.

ఇలాంటివాళ్లు ఊళ్లో ఇంకెంతమంది ఉన్నారో జాబితా రాయించారు యూనస్. 42 మంది తేలారు. అందరికీ కలిపి కావలసిన డబ్బు 856 టాకాలు. అప్పటి లెక్కలో 27 డాలర్లు. ఆ డబ్బు ఆయనే జేబులోంచి ఇచ్చారు. 1976 నాటి ఆ ప్రయత్నమే 1983లో గ్రామీణ బ్యాంకు అయింది. 2006లో ఆయనకూ, బ్యాంకుకూ కలిపి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

2003లో యూనస్ స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం విన్న జెసికా జాక్లీ, మ్యాట్ ఫ్లానరీతో కలిసి 2005లో, తెర మీద చిన్న అప్పులు ఇప్పించే కివా వెబ్‌సైటును మొదలుపెట్టారు. తొలిసారి అప్పు అందుకున్నది ఉగాండాలోని టొరోరో ఊరివాళ్లు ఏడుగురు. మొత్తం 3,500 డాలర్లు. కొన్ని నెలల్లోనే అంతా తిరిగొచ్చింది. పాతిక డాలర్లకే అప్పు ఇవ్వచ్చు కాబట్టి అది త్వరగా బడుల్లోకి పాకింది. మన దేశంలో రామకృష్ణ, స్మితారామ్ దంపతులు 2008 గణతంత్ర దినం నాడు 'రంగ్ దే' ప్రారంభించారు. నూరు రూపాయలున్న విద్యార్థి కూడా ఒక రైతుకో, చేతిపని వాళ్లకో అప్పు ఇవ్వగలిగేలా.

ఫోటో ముందా, అప్పు ముందా?

2009లో డేవిడ్ రూడ్‌మన్ అనే పరిశోధకుడు కివా గురించి ఒక విషయం బయటపెట్టారు. తెర మీద ఫోటో చూసి మనం డబ్బు ఇచ్చే సమయానికి చాలాసార్లు ఆ మనిషికి అప్పు అందేసి ఉంటుంది. స్థానిక సంస్థ ముందే ఇచ్చేస్తుంది, మన డబ్బు ఆ సంస్థ ఖాతా పూడుస్తుంది. ఇందులో మోసమేమీ లేదు. చేపలమ్మే మనిషి పాతిక డాలర్ల కోసం నెల్లాళ్లు ఆగలేదు కదా! ఆ తర్వాత కివా కూడా తన పద్ధతిని వివరంగా రాయడం మొదలుపెట్టింది. ఇంకో సంగతీ ఉంది. అప్పు ఇచ్చిన విద్యార్థికి వడ్డీ రాదు, కానీ తీసుకున్న మనిషి స్థానిక సంస్థకు వడ్డీ కడుతూనే ఉంటుంది.

ఈ రెండు విషయాలూ తెలిశాకే అసలు పాఠం మొదలవుతుంది. ఊరికి అప్పు తీసుకెళ్లడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు? ఫోటోలోని నవ్వు చూపించినంత తేలికగా ఈ ప్రశ్నలను తెర చూపించలేదు.

హిందూపురం గూళ్ల నుంచి ధర్మవరం మగ్గం దాకా

ఈ ప్రశ్నలకు జవాబులు వెతకాలంటే ఒక పట్టుచీర వెంట నడిస్తే చాలు. శ్రీ సత్యసాయి జిల్లాలో ఆ నడక దూరం కూడా పెద్దది కాదు.

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్టుకు తెల్లవారకముందే రైతులు చేరుకుంటారు. తట్టల్లో పోసిన గూళ్లను, వాటి నుంచి దారం తీసే రీలర్లు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర ఊపి, నొక్కి చూసి ధర పాడతారు. రైతు మల్బరీ తోటకు, షెడ్డుకు, చాకీ (పసి) పురుగులకు, అవి గూళ్లు కట్టే చంద్రికలకు అప్పు చేసి ఉంటాడు. ఒక్క పంట రోగం తగిలి పోయిందంటే ఆ అప్పు రెండో పంట మీద పడుతుంది. గూళ్లు కొన్న రీలరుకు రోజూ పెట్టుబడి కావాలి. దారం తీశాక అది అమ్ముడుపోయే దాకా ఆగే ఓపిక అతని డబ్బుకు ఉండదు. పురి పెట్టేవాళ్లు, రంగులద్దేవాళ్లు దాటుకుని దారం ధర్మవరం చేరేసరికి దాని మీద ఎన్ని చేతుల వడ్డీ ఉందో లెక్క తీయడం కష్టం.

ధర్మవరంలో మగ్గం గుంతలో కూర్చున్న మనిషి దగ్గరికి ఆ దారం చాలాసార్లు మాస్టర్ వీవర్ ద్వారా వస్తుంది. పడుగూ, పేకా, జరీ ఆయనవి. మగ్గం మాత్రం నేతగాడిది, కొన్నిసార్లు అదీ కాదు. ఆడవాళ్లు కండెలు చుడతారు, ఆసు తిప్పుతారు, అచ్చు అతుకుతారు. వాళ్ల కూలి విడిగా ఎక్కడా రాయరు. ఇంట్లో జబ్బు చేసినా, పెళ్లి వచ్చినా ముందుగా చేయి చాపేది మాస్టర్ వీవర్ దగ్గరే. ఆ బాకీ తీరేదాకా ఇంకొకరికి నేయలేరు. సుఫియా బేగం వెదురుకూ, ధర్మవరం నేతన్న పట్టుకూ మధ్య తేడా పెద్దగా లేదు. సరుకు ఎవరిదో ధర చెప్పే హక్కు వాళ్లదే.

ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 నాటి కేంద్ర చట్టం చీరతో సహా కొన్ని రకాలను చేనేతకే కేటాయించింది. అయినా అదే ఊళ్లో మరమగ్గం చప్పుడు ఆగదు. నేతన్నల కోసం ఆరు శాతం వడ్డీకి ముద్ర రుణాలు ఇచ్చే కేంద్ర పథకం ఉంది. కాగితాలన్నీ చూపించగలిగినవాళ్లకు అది దొరుకుతుంది. చూపించలేనివాళ్లు మళ్లీ పాత గడప తొక్కాల్సిందే.

ఈ ఊళ్ల డిగ్రీ విద్యార్థులకు ఈ నడక సిలబస్‌లోనే ఉంది. ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మొదటి ఏడాది పూర్తయిన డిగ్రీ విద్యార్థులందరికీ 180 గంటల సామాజిక సేవా ప్రాజెక్టును తప్పనిసరి చేసింది. ఒక ఊరినో వార్డునో ఎంచుకుని ఇంటింటి సర్వే చేయాలి. కొంతమందికి ఇది మార్కుల కోసం నింపే ఫారం. నేత ఇంట్లో పుట్టిన పిల్లకు మాత్రం తన ఇంటి గోడ వెనక ఏం జరుగుతోందో బయటి మనిషిలా నిలబడి చూసే తొలి అవకాశం. అప్పు ఎంత అని అడిగి ఊరుకోకుండా, అది ఎవరి దగ్గర, ఎందుకు, తీర్చడానికి ఇంకెక్కడ తెచ్చారు అని అడిగినప్పుడు ఆ ప్రాజెక్టుకు ప్రాణం వస్తుంది.

> పన్నెండున్నర కాదు, పాతిక!
>
> పదో తరగతి లెక్కలు వచ్చిన ఎవరైనా చేయగల చిన్న లెక్క ఇది. పది వేల అప్పు. వడ్డీ నూటికి పన్నెండున్నర అన్నారు. మొత్తం 11,250 రూపాయలు. యాభై వారాలు, వారానికి 225. వినడానికి బాగుంది.
>
> కానీ ప్రతి వారం అసల్లో 200 తీరిపోతోంది. అంటే మొదటి వారం ఆమె దగ్గర పది వేలుంటే, చివరి వారం ఉన్నది 200 మాత్రమే. సగటున ఆమె వాడుకున్నది 5,100 రూపాయలు. దాని మీద కట్టిన వడ్డీ 1,250. నూటికి దాదాపు పాతిక! పల్లె భాషలో చెప్పాలంటే నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ.
>
> అసలంతటి మీదా వడ్డీ లెక్కేయడాన్ని ఫ్లాట్ రేటు అంటారు. మిగిలిన బాకీ మీదే లెక్కేస్తే అది తగ్గే నిల్వ పద్ధతి. కాగితం మీద ఏ పద్ధతి ఉందో చూడకుండా రెండు అప్పులను పోల్చకూడదు.

షెనెక్టడీ కుర్రాడి పాఠం

చిన్న అప్పుల ద్వారా పేదరికాన్ని అర్థం చేసుకోవాలని బయల్దేరిన తెలుగు విద్యార్థి ఒకరున్నారు. విక్రమ్ ఆకుల. హైదరాబాద్‌లో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీకి వెళ్లిపోయారు. అమెరికాలో చదువుకుని, తొంభైల్లో ఫుల్‌బ్రైట్ స్కాలరుగా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో పనిచేశారు. తన ఊరికి అప్పులు ఎందుకు అందవని ఒక పేద మహిళ నిలదీసింది. ఆ ప్రశ్నే తనను కదిలించిందని తర్వాత రాసుకున్నారు. 1997లో మెదక్ జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలో చిన్న అప్పులిచ్చే ఎస్‌కేఎస్ సంస్థను మొదలుపెట్టారు.

విద్యార్థిగా నేర్చుకున్నది నిజాయితీగానే నేర్చుకున్నారనిపిస్తుంది. ఆ తర్వాత డబ్బు వేగం పెరిగింది. స్వచ్ఛంద సంస్థ కంపెనీ అయింది. 2010 ఆగస్టులో షేర్లు మార్కెట్టుకెక్కాయి. పేదల అప్పుల మీద వచ్చే లాభం షేరుదారులకు పంచడం తప్పని యూనస్ బాహాటంగానే విమర్శించారు. అప్పటికి దేశంలో సూక్ష్మరుణాల వ్యాపారానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశే రాజధాని. ఒకే ఇంట్లో మూడు నాలుగు సంస్థల అప్పులు. ఒకదాని కంతుకు ఇంకొక దాని డబ్బు. 2006లోనే కృష్ణా జిల్లాలో కలెక్టరు పలు శాఖలను మూయించిన హెచ్చరికను ఎవరూ పట్టించుకోలేదు. వసూలు వేధింపులు, ఆత్మహత్యల వార్తల మధ్య 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. అప్పు ఇచ్చే సంస్థలు జిల్లాలో రిజిస్టరు కావాలి, ఇళ్ల మీదకు వెళ్లి వసూలు చేయకూడదు, వడ్డీ అసలును మించకూడదు. కొద్ది నెలల్లోనే అది చట్టమైంది. వసూళ్లు కుప్పకూలాయి. 2011 నవంబరులో ఆకుల ఎస్‌కేఎస్ నుంచి తప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే హైదరాబాద్ బస్తీల్లో ఇంకో చదువు సాగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 104 పేద బస్తీలను తీసుకుని, సగం బస్తీల్లో ముందుగా స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ శాఖలు తెరిపించి, తేడా ఏమిటో చూసింది. అప్పటికే చిన్న వ్యాపారం ఉన్నవాళ్లు పెట్టుబడి పెంచుకున్నారు. ఇంటి సామాను కొనేవాళ్లు పెరిగారు. పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. పేదరికాన్ని పరీక్షలతో కొలిచే పద్ధతికి ఆ ఇద్దరూ మైకేల్ క్రెమర్‌తో కలిసి 2019లో నోబెల్ అందుకున్నారు.

చిన్న అప్పు అందరి బతుకూ మార్చేస్తుందన్న నమ్మకం ఆ బస్తీల్లో నిలవలేదు. కొందరికి అది మేలు చేస్తుంది. ఎవరికి, ఎప్పుడు అన్నది ఇల్లిల్లూ తిరిగితే తప్ప తెలియదు.

అనంతపురం ముందే రాసిన లెక్కలు

అప్పు ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఒకే అరుగు మీద కూర్చుంటే ఏమవుతుంది? ఈ ఊళ్లున్న అనంతపురం సీమ ఈ ప్రశ్నకు దేశంలో చాలామంది కంటే ముందే జవాబు వెతికింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. ఒక పంట పోతే అప్పు, రెండు పోతే బెంగళూరు వలస.

1992లో నాబార్డు స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం మొదలుపెట్టింది. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకాన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడే జిల్లాల్లో చేపట్టింది. అవి కర్నూలు, మహబూబ్‌నగర్, అనంతపురం. ఆ అనుభవం మీదే 2000లో వెలుగు ప్రాజెక్టు వచ్చింది, తొలి ఆరు జిల్లాల్లోనూ అనంతపురం ఉంది. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అనే మెట్లు ఇక్కడి ఆడవాళ్లకు అప్పటి నుంచీ అలవాటే.

చెన్నేకొత్తపల్లి దగ్గర బబ్లూ గంగూలీ, మేరీ తదితరులు 1990లో ప్రారంభించిన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ ఇంకో అడుగు వేసింది. చెన్నేకొత్తపల్లి, రామగిరి, రొద్దం ప్రాంతాల్లో ఆడవాళ్ల పొదుపు సంఘాలు పెరిగి పెరిగి మహాశక్తి సమాఖ్య అయ్యాయి. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వాటికి అండగా నిలిచింది. సర్కారు పెత్తనం లేకుండా సభ్యులే నడుపుకునే సహకార సంఘాలకు ఆ చట్టం చోటిచ్చింది. వడ్డీ ఎంతో సభ్యులే తేలుస్తారు. వచ్చిన వడ్డీ వాళ్ల ఉమ్మడి నిధికే చేరుతుంది. కంతు తప్పిన మనిషి ఇల్లు ఏ వీధిలో ఉందో అందరికీ తెలుసు, ఆ నెల ఆమె ఎందుకు తప్పిందో కూడా తెలుసు.

ఇది స్వర్గమేమీ కాదు. గట్టిగా అడగలేని మొహమాటం ఉంటుంది, కులం ఉంటుంది, లీడరు చుట్టాలకే ముందు అప్పు దక్కే సందర్భాలుంటాయి. రాజకీయం కూడా లోపలికి వస్తుంది. 2014 ఎన్నికల్లో డ్వాక్రా రుణమాఫీ హామీ రాగానే ఎన్నో సంఘాలు కంతులు ఆపేశాయి. మాఫీ అనుకున్నట్టు రాలేదు, వడ్డీ మీద వడ్డీ పడింది, బ్యాంకుల్లో సంఘాల పేరు చెడింది. తర్వాతి ప్రభుత్వం 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బాకీలను ఆసరా పేరుతో నాలుగు విడతలుగా చెల్లించే పథకం 2020లో మొదలుపెట్టింది. ఆ ఏళ్లలో సంఘం పుస్తకాలు రాసిన పిల్లలు, ఒక హామీ ఒక ఖాతాను ఎలా గల్లంతు చేస్తుందో తమ చేతిరాతలోనే చూశారు. ప్రజాస్వామ్యం గురించి అంతకంటే సూటి పాఠం డిగ్రీ పుస్తకాల్లో దొరకదు.

> పిల్లలు వాడే మాటలు
>
> కంతు: విడతగా కట్టే సొమ్ము. తీర్మానం: ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో సంఘం రాసుకున్న నిర్ణయం. జామీను: అప్పుకు పూచీ. వీఓఏ: గ్రామ సమాఖ్య పుస్తకాలు చూసే మనిషి, పాతవాళ్ల నోట యానిమేటరు. స్త్రీనిధి: సంఘాల సభ్యులకు త్వరగా అప్పులిచ్చేందుకు 2011లో ఏర్పడిన సహకార సంస్థ.

సరిహద్దు అవతల కొత్త చట్టం

ఇప్పుడు ఈ అప్పుల మాట మళ్లీ ఎందుకొచ్చిందంటే, హిందూపురానికి కూతవేటు దూరంలోని కర్ణాటక 2025 ఫిబ్రవరిలో సూక్ష్మరుణాల బలవంతపు వసూళ్ల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. గౌరీబిదనూరు, పావగడ, మధుగిరి హిందూపురానికి చుట్టాల ఊళ్లు. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ ఉంటాయి, కూలి పనులు అటూ ఇటూ ఉంటాయి, అప్పులూ అంతే. ఇటు తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో, రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న సంస్థలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. అప్పటి నుంచి సూక్ష్మరుణ సంస్థల చూపు మళ్లీ తెలుగు నేల మీద పడింది.

వాళ్లు వచ్చినంత మాత్రాన కీడే జరుగుతుందని చెప్పలేం. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఆ దారి వెంట టిఫిన్ సెంటర్లు, పీజీ హాస్టళ్లు, వాటర్ ప్లాంట్లు లేచాయి. బ్యాంకు మేనేజరు ముఖం చూడని చిన్న వ్యాపారికి తొలి పెట్టుబడి ఎక్కడో ఒకచోట దొరకాలి. 2010 తర్వాత సంస్థలు వెళ్లిపోయినప్పుడు ఆ జాగాలోకి రోజు వడ్డీ వాళ్లు వచ్చిన ఊళ్లున్నాయి. వాళ్ల దగ్గర కాగితం కూడా ఉండదు.

కాగితం సంగతే ఇప్పుడు ముఖ్యం. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఏడాదికి మూడు లక్షల రూపాయల లోపు ఆదాయమున్న కుటుంబానికి తాకట్టు లేకుండా ఇచ్చేదంతా సూక్ష్మరుణమే. ఆ కుటుంబం కట్టే కంతులన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. వడ్డీకి పైపరిమితి ఎత్తేశారు గానీ, ఏడాదికి నిజంగా నూటికి ఎంత పడుతుందో కాగితం మీద రాసి ఇవ్వాలి. అప్పు కార్డు తీసుకున్నవాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలి. అంటే తెలుగులో.

సర్వేకు వెళ్లే డిగ్రీ విద్యార్థులు చేయగలిగిన పని ఇక్కడుంది. ఫారంలో అప్పు ఉందా లేదా అన్న గడిలో టిక్కు పెట్టి పక్కింటికి వెళ్లకుండా, ఆ కార్డు చూపించమని అడగవచ్చు. కార్డు ఇవ్వకపోతే ఇవ్వలేదని రాసుకోవచ్చు. ఇంగ్లిషులో ఉంటే అమ్మకో పెద్దమ్మకో చదివి వినిపించవచ్చు. కంతులన్నీ కూడి ఇంటి ఆదాయంలో సగం దాటుతున్నాయో లేదో అక్కడే కూర్చుని లెక్క తేల్చవచ్చు. వాటన్నిటినీ ఊరివారీగా పోగుచేసి గ్రామ సమాఖ్య ముందు చదివితే, ఏ వీధిలో ఎన్ని ఇళ్లు గీత దాటాయో ఊరికే తెలుస్తుంది. తీర్మానాల పుస్తకం రాయడం వచ్చిన పిల్లలకు ఇది కొత్త పనేమీ కాదు.